ఆ జెల్ ఎవరి పుండుకి?

ఈ మధ్య డ్రెస్సింగ్ రూంలో నాకు ఒకే వీడియో మళ్ళీ మళ్ళీ చూపిస్తున్నారు. అమెరికాలో ఒక జెల్ వచ్చిందట, అందులో జన్యువు ఉంటుందట, వారానికోసారి చుక్కలు వేస్తే ఏళ్ళ తరబడి మానని పుండు కూడా మానిపోతుందట. నెల్లూరు నుంచో సూళ్ళూరుపేట నుంచో తెల్లవారుజామున రైలెక్కి చెన్నై వచ్చినవాళ్ళు, నేను కట్టు విప్పే లోపే ఫోను తీసి "సిస్టరమ్మా, ఇది మనకెప్పుడు వస్తుంది?" అని అడుగుతారు. వాళ్ళది షుగరు పుండు. అడిగేవాళ్ళ గొంతులో ఆశ ఉంటుంది. పక్కన నిలబడ్డ కొడుకు అప్పటికే ఎవరి దగ్గర అప్పు పుడుతుందా అని లెక్కలు వేసుకుంటూ ఉంటాడు.

వీడియోలో ఉన్నది అబద్ధమేం కాదు. ఆ జెల్ ఉంది, పుళ్ళు మాన్పుతోంది. అయితే దాన్ని తయారుచేసింది షుగరు పుండు కోసం కాదు. ఎవరి కోసం తయారుచేశారో ఆ పిల్లల తరఫున అడిగే గొంతు మన దగ్గర దాదాపు లేదు. షుగరు పుండున్నవాళ్ళు తమ పుండుకి పనికిరాని జన్యు మందు కోసం ఎదురుచూస్తూ, చేతికందే చికిత్సను పక్కన పెడుతున్నారు. జన్యు మందు తప్ప వేరే దారి లేని పిల్లల గురించి ఎవరూ నోరెత్తడం లేదు. చాలా ఏళ్ళుగా పుళ్ళకు కట్లు కడుతున్నదాన్ని కాబట్టి ఈ రెండూ కలిపి చెప్పాల్సిన అవసరం ఉందనిపించి రాస్తున్నాను.

ముందు ఆ జెల్ సంగతి. పేరు వైజువెక్. క్రిస్టల్ బయోటెక్ అనే కంపెనీది. 2023 మే నెలలో మందులకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. డిస్ట్రోఫిక్ ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా అనే పుట్టుక జబ్బుకి ఇచ్చే మందు అది. అంత పొడుగు పేరు ఎవరూ పలకరు, ఆసుపత్రుల్లో ఈబీ అంటారు.

మన చర్మంలో పైపొర, లోపలి పొర ఉంటాయి. బొంతలో పాతచీరల మడతలు జారిపోకుండా కుట్లు పట్టి ఉంచినట్టు, ఈ రెండు పొరల్నీ కొల్లాజెన్-7 అనే ప్రోటీన్ కలిపి ఉంచుతుంది. దాన్ని తయారుచేసే జన్యువు పేరు సీఓఎల్7ఏ1. ఈ జబ్బులో తీవ్రమైన రకం ఉన్న బిడ్డకు తల్లి నుంచి వచ్చిన కాపీ, తండ్రి నుంచి వచ్చిన కాపీ రెండూ చెడిపోయి ఉంటాయి. ఎత్తుకుంటే చంకలో బొబ్బ లేస్తుంది. చొక్కా తొడిగితే మెడ దగ్గర బొబ్బ. మెతుకు కాస్త గట్టిగా ఉంటే గొంతులో బొబ్బ. అవి పగిలి పుళ్ళవుతాయి, మానుతాయి, మళ్ళీ లేస్తాయి, కొన్ని ఎప్పటికీ మానవు. మాని మచ్చ కట్టినప్పుడల్లా చర్మం కుంచించుకుపోయి చేతివేళ్ళు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అన్నవాహిక సన్నబడుతుంది. తీవ్రమైన రకంలో, యౌవనం వచ్చేసరికి ఆ పాత పుళ్ళలోనే చర్మ క్యాన్సర్ పుట్టే ప్రమాదం చాలా ఎక్కువ.

ఈ పుండుకి కారణం ఒక్కటే. శరీరంలో ఒక ప్రోటీన్ లేదు. ఆ ప్రోటీన్ అందిస్తే పుండు మానాలి. జెల్ చేసేది ఆ పనే. పెదవుల మీద జ్వరం పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్‌ను తీసుకుని, దానికి పెరిగే శక్తి లేకుండా చేసి, అందులో మంచి సీఓఎల్7ఏ1 జన్యువును పెట్టారు. హెర్పిస్‌నే ఎందుకు ఎంచుకున్నారంటే ఈ జన్యువు చాలా పెద్దది. జన్యు చికిత్సల్లో ఎక్కువగా వాడే ఏఏవీ అనే వైరస్‌లో ఇది పట్టదు. హెర్పిస్‌కి అంత చోటు ఉంది, పైగా చర్మ కణాల్లోకి దూరడం దానికి అలవాటే. అది మోసుకెళ్ళిన జన్యువు కణం కేంద్రకంలో ఉండి పని చేస్తుంది గానీ మన డీఎన్ఏలో అతుక్కోదు. కణాలు రాలిపోతే జన్యువూ పోతుంది, అందుకే వారం వారం వేయాలి. దీని చివరి దశ ట్రయల్‌లో 31 మంది పాల్గొన్నారు. ఒకే మనిషి ఒంటి మీద ఒకేలాంటి రెండు పుళ్ళు తీసుకుని ఒకదానికి మందున్న జెల్, ఇంకొకదానికి మందు లేని జెల్ వేశారు. ఆరు నెలలకు మందు వేసిన పుళ్ళలో 67 శాతం పూర్తిగా మానాయి, వేయనివాటిలో 22 శాతం.

ఇంకో దారి కూడా ఉంది. 2015లో జర్మనీలోని బోఖుమ్ నగరంలో, సిరియా నుంచి వలస వచ్చిన కుటుంబంలోని ఏడేళ్ళ బాబుకి ఒంటి మీద చర్మం చాలావరకు పోయింది. అది ఈబీలోనే వేరే రకం, వేరే జన్యువు. ఇటలీలో మికేలే డి లూకా బృందం ఆ బాబు చర్మ కణాలు కొన్ని తీసుకుని, వాటిలో మంచి జన్యువు ఎక్కించి, షీట్లుగా పెంచి పంపింది. అక్కడి సర్జన్లు ఒంటిలో సుమారు 80 శాతం చర్మాన్ని అలా మార్చారు. బాబు బతికాడు, బడికి వెళ్ళాడు. ఆ పద్ధతికి దగ్గరగా ఉండే జెవాస్కిన్ అనే చికిత్సకు 2025 ఏప్రిల్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. రోగి సొంత కణాల్లో మంచి జన్యువు ఎక్కించి, పెంచిన షీట్లను పుండు మీద కుడతారు.

ఇదంతా చదువుతుంటే మా దగ్గరికి వచ్చే ఒక పాప గుర్తొస్తుంది. వాళ్ళది చిత్తూరు వైపు. ఆ పాపకి కట్లు మార్చడం ఒక్కసారి చూస్తే ఈ జబ్బు గురించి వేరే చెప్పక్కర్లేదు. మామూలు కట్టుగుడ్డ (గాజ్) వాడితే చర్మంతో సహా ఊడివస్తుంది, కాబట్టి సిలికాన్ పూత ఉన్న డ్రెస్సింగే కావాలి. అదీ అంచుల్లో ఎండి పట్టేస్తే గోరువెచ్చని సెలైన్ పోస్తూ, అది తనంతట తాను వదిలేదాకా ఆగాలి. టేపు ఎక్కడా ఒంటికి తగలకూడదు. కొత్త బొబ్బ కనబడితే తల్లే స్టెరైల్ సూదితో అంచున పొడిచి నీరు దించుతుంది. పైచర్మం కత్తిరించదు, అదే పుండుకి కప్పు. దించకుండా వదిలేస్తే లోపలి ఒత్తిడికి బొబ్బ పక్కకు పాకుతుంది. సూది తీయగానే పాప "లెక్కపెట్టమ్మా" అంటుంది. తల్లి ఒకటి, రెండు అని మొదలుపెడుతుంది, పది వచ్చేసరికి పని అయిపోవాలి. అది వాళ్ళిద్దరి ఒప్పందం. ఆ తల్లి చదివింది ఎనిమిదో తరగతి. నాకు తెలిసిన చాలామంది ట్రెయినీ నర్సుల కంటే ఆమె చెయ్యి శుభ్రం. ఇంట్లో రోజు విడిచి రోజు ఇదే పని, గంటల తరబడి. డ్రెస్సింగు షీటు ఒక్కోటీ వందల రూపాయలు, అవీ వాళ్ళ ఊళ్ళో దొరకవు, చెన్నై నుంచి మోసుకెళ్ళాలి. పాప కుడిచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు అప్పుడే అతుక్కోవడం మొదలయ్యాయి.

ఆ తల్లికి పెళ్ళి చేసింది సొంత మేనమామతోనే. ఇందులో ఆమెను అనాల్సింది ఏమీ లేదు, ఆ నిర్ణయం ఆమెది కూడా కాదు. ఆమె అత్తగారు మాత్రం ఇప్పటికీ కోడలి జాతకమే తిడుతుంది. చెడిన కాపీ తల్లిలో ఎంతుందో తండ్రిలోనూ అంతే ఉందని, అది ఒకే తాతదో ఒకే అవ్వదో అయి ఉండొచ్చని నేను ఆ పెద్దావిడకి కూర్చోబెట్టి చెప్పాను. మేనరికాలు ఎక్కువగా జరిగే ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటకల్లో ఇలాంటి జబ్బులకు అవకాశం మిగతా చోట్ల కంటే ఎక్కువ. కాబట్టి వీటి చికిత్స గురించి దేశంలో అందరికంటే ముందు గట్టిగా మాట్లాడాల్సింది మనమే.

ఇక షుగరు పుండు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు 10 కోట్ల పైనే. ఆ అధ్యయనాన్ని నడిపింది మన చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషనే. షుగరున్నవాళ్ళలో జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు కాలి పుండు వచ్చే అవకాశం 19 నుంచి 34 శాతం దాకా ఉంటుందని అంచనా. మానిన పుండు ఏడాదిలోపు తిరగబెట్టే అవకాశం 40 శాతం దాకా. ఇంతమందికి ఉపయోగపడే మందు వస్తే నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు. అయితే ఈ పుండులో ఫలానా జన్యువు చెడిపోయిందని వేలెత్తి చూపించడానికి లేదు.

గూడూరు వైపు నుంచి వచ్చిన ఒక రైతు పుండు చెబుతాను. బొటనవేలి మొదట్లో, అరికాలి కింద రూపాయి బిళ్ళంత పుండు. చుట్టూ తెల్లగా, గట్టిగా ఆనెకాయ కట్టింది. డాక్టరుగారు బ్లేడుతో ఆ ఆనెకాయను పలచగా, పొరలు పొరలుగా చెక్కుతున్నారు. నేను లైటు పట్టుకున్నాను. ఆ రైతు ఆ టైములో ఫోనులో వడ్ల పుట్టి ధర ఎంత పలికిందో బేరం మాట్లాడుతున్నారు. అంచున రక్తం చిమ్మింది, ఆయన గొంతు మారలేదు. కాలు కాలినా, ముల్లు దిగినా, చెప్పులో రాయి ఉన్నా అంతే, ఆయనకు తెలీదు. నరాలు చచ్చుబడ్డాయి. నొప్పి తెలిసే మనిషైతే ఎప్పుడో కుంటేవాడు, కుంటితే ఆ చోటు బరువు తగ్గేది. ఈయన పొలం గట్ల మీద, పాత రబ్బరు చెప్పులతో, ఒంటి బరువంతా అదే పుండు మీద వేసి నెలల తరబడి నడిచారు. ఆనెకాయ తీసేశాక అడుగున ఎర్రటి ఆరోగ్యమైన కండ కనబడింది. నాడి బాగుంది, ఎముక తగల్లేదు, చీము లేదు. అంటే ఆ కాలు మానడానికి సిద్ధంగానే ఉంది. మాననివ్వనిది నడక.

ఆ పుండులో ఏ జన్యువు వేసినా, ఆయన లేచి నిలబడగానే అది నలిగిపోతుంది. వేరేవాళ్ళ పుండులో కారణం వేరు కావచ్చు. రక్తనాళాలు మూసుకుపోయి ఉండొచ్చు, ఎముకలో ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు, సూక్ష్మజీవులు జిగురు పొరలా పట్టేసి ఉండొచ్చు. పుండు వాపు దశలోనే ఇరుక్కుపోయి, కొత్త కణజాలం తయారైనదాన్ని తయారైనట్టే ఎంజైములు తినేస్తూ ఉండొచ్చు. చాలాసార్లు ఇందులో రెండు మూడు కలిసి ఉంటాయి.

శాస్త్రవేత్తలు ప్రయత్నించలేదని కాదు. పీడీజీఎఫ్ అనే పెరుగుదల ప్రోటీన్‌తో చేసిన జెల్‌కి అమెరికాలో 1997లోనే షుగరు పుళ్ళ కోసం అనుమతి వచ్చింది. ప్రధాన ట్రయల్‌లో 20 వారాలకు ఆ జెల్ వాడినవాళ్ళలో 50 శాతం మందికి మానింది, వాడనివాళ్ళలో 35 శాతం మందికి. కొంత మేలు ఉంది, అంతే. పుండులోని ఎంజైములు ప్రోటీన్‌ని త్వరగా విరిచేస్తాయి కాబట్టి, ప్రోటీన్ బదులు దాని జన్యువునే ఇస్తే కణాలే రోజూ తయారుచేసుకుంటాయి కదా అని ఆలోచించారు. మంచి ఆలోచనే. రక్తప్రసరణ బాగా తగ్గిన కాళ్ళలో కొత్త రక్తనాళాలు మొలిపించడానికి, అలాంటిదే ఇంకో పెరుగుదల ప్రోటీన్ అయిన ఎఫ్‌జీఎఫ్ జన్యువును ఇంజెక్షన్‌గా ఇచ్చి 525 మంది మీద పెద్ద ట్రయల్ చేశారు. 2011లో ఫలితాలు వచ్చాయి. కాలు తీసేయాల్సి రావడంలో గానీ మరణాల్లో గానీ మందుకీ ఉత్తుత్తి మందుకీ తేడా లేదు. జపాన్‌లో అలాంటి కాళ్ళ పుళ్ళకే, ఇంకో పెరుగుదల ప్రోటీన్ అయిన హెచ్‌జీఎఫ్ జన్యువుతో చేసిన కొల్లాటెజీన్ అనే మందుకి 2019లో షరతులతో అనుమతిచ్చారు. పూర్తి అనుమతి కోసం పెట్టుకున్న దరఖాస్తును 2024లో ఆ కంపెనీయే వెనక్కి తీసుకుంది.

ఈబీలో జన్యు మందు గెలవడానికీ షుగరు కాలి దగ్గర తడబడటానికీ మధ్య తేడా శాస్త్రవేత్తల తెలివిలో లేదు, పుండులోనే ఉంది. ఒకచోట లోపం ఒక్కటి, అది జన్యువుది. రెండోచోట పెరుగుదలకు కావాల్సిన జన్యువులు అన్నీ ఆ మనిషి కణాల్లో ఉన్నాయి. వాటిని పని చేయనివ్వని పరిస్థితి ఉంది.

ఆ రైతు లాంటి పుండుకి చికిత్స ఉంది. అది ఎక్కడో కాదు, ఇక్కడికి మూడు గంటల దూరంలోని వెల్లూరు చరిత్రలో ఉంది. 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి (సీఎంసీ) డాక్టర్ పాల్ బ్రాండ్ వచ్చారు. కుష్ఠు ఉన్నవాళ్ళ కాళ్ళకు పుళ్ళు పడితే ఆ జబ్బు వల్ల మాంసమే కుళ్ళిపోతోందని అప్పట్లో అనుకునేవాళ్ళు. స్పర్శ పోయిన కాలి మీద మళ్ళీ మళ్ళీ పడే ఒత్తిడే పుండుకి కారణమని, ఆ ఒత్తిడి తీసేస్తే ఆ కాలు అందరి కాలిలాగే మానుతుందని ఆయన చూపించారు. పాదానికి, పిక్కకు అచ్చు పోసినట్టు సరిపోయే పిండికట్టు వేసి, బరువు అరికాలంతా పరుచుకునేలా చేసేవారు. మానాక మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు. ఇప్పటికీ మనం ఎంసీఆర్ చెప్పులు అనేవి అవే. 1960ల్లో ఆయన అమెరికా వెళ్ళినప్పుడు ఈ పద్ధతి వెంట వెళ్ళింది, తర్వాత షుగరు కాళ్ళకూ విస్తరించింది. దాన్నే ఇప్పుడు టోటల్ కాంటాక్ట్ కాస్ట్ అంటున్నారు.

2001లో అమెరికాలో జరిగిన ఒక ట్రయల్‌లో ఈ కట్టు వేసినవాళ్ళలో 12 వారాలకు దాదాపు 90 శాతం మందికి పుండు మానింది. ఊడదీసుకునే వీలున్న బూటు వేసినవాళ్ళలో 65 శాతం. ముందు చెప్పిన పీడీజీఎఫ్ జెల్ ట్రయల్‌తో దీన్ని నేరుగా పోల్చకూడదు, రోగులు వేరు, వారాలు వేరు. అయినా ఆ 90 అనే అంకె దగ్గర కాసేపు ఆగాలి. ఊడదీసుకునే బూటు ఎందుకు వెనకబడిందో కూడా తర్వాత కనిపెట్టారు. బూటులోను, నడుముకూ అడుగులు లెక్కపెట్టే యంత్రాలు పెట్టి చూస్తే, రోజు మొత్తం వేసిన అడుగుల్లో బూటు తొడుక్కుని వేసినవి 28 శాతమే. ఇంట్లో బాత్రూంకీ వంటింటికీ ఎవరూ బూటు వేసుకుని పోలేదన్నమాట. మన ఇళ్ళలో అయితే చెప్పక్కర్లేదు, గుమ్మం దాటి లోపలికి వస్తే పాదాలకు ఏమీ ఉండకూడదు.

అంత మంచి కట్టు మరి ఎందుకు వేయడం లేదు? రక్తప్రసరణ సరిగా లేని కాలికి, చీము పట్టిన కాలికి వేయకూడదన్నది నిజం. మిగతావాళ్ళకు కూడా వేయడం లేదే. వేయడం చేతనైన మనిషి కావాలి, ఒక్కో కట్టుకి చాలా సమయం పడుతుంది, వారానికో రెండు వారాలకో విప్పి చూసి మళ్ళీ వేయాలి. పిండికట్టు సామానుకి అయ్యేది కొన్ని వందలు. దాని మీద ఎవరికీ లాభం లేదు, అందుకే దాని గురించి వీడియో ఎవరూ పంపరు. రోగుల వైపు నుంచీ అడ్డంకులున్నాయి. స్నానం ఎలా, నాట్లు ఉన్నాయి, పెళ్ళి ఉంది. ఈ రెండు మూడేళ్ళుగా కొత్తగా అరుణాచలం గిరి ప్రదక్షిణ ఒకటి. 14 కిలోమీటర్లు ఉత్త కాళ్ళతో. పౌర్ణమి వెళ్ళిన వారానికి మా గది ముందు తెలుగువాళ్ళ వరస పెరుగుతుంది. భక్తిని నేనేమీ అనను, నేనూ వెళ్ళొచ్చాను. స్పర్శ లేని కాలితో మాత్రం వెళ్ళకండి. వెళ్ళలేకపోతున్నానని దేవుడికి ఇక్కడి నుంచే చెప్పుకోవచ్చు.

నాకు కోపం వచ్చే సంగతి ఇంకొకటి ఉంది. మా రైతు లాంటి ఇంకొకాయన, నగరంలోని ఒక క్లినిక్‌లో "జీన్ ట్రీట్‌మెంట్" పేరుతో వరసగా ఇంజెక్షన్లు చేయించుకుని వచ్చారు. బిల్లు చూస్తే నాకు నోట మాట రాలేదు. ఆయన రెండెకరాలు తాకట్టులో ఉన్నాయి. ఆ ఇంజెక్షన్లలో ఏముందో కాగితం మీద ఎక్కడా లేదు. అన్ని వారాల్లో ఆ కాలిమీద బరువు తగ్గించమని ఎవరూ చెప్పలేదు, కాలి నాడి చూసిన గుర్తు కూడా ఆ కేసు షీటులో లేదు.

అందుకే ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను. షుగరు పుండుకి మన దేశంలో అనుమతి ఉన్న జన్యు చికిత్స ఏదీ లేదు. మందుల షాపులో దొరికే ఈజీఎఫ్, పీడీజీఎఫ్ జెల్‌ల మీద "రీకాంబినెంట్" అని ఉంటుంది, అది చూసి కొందరు జన్యు మందు అనుకుంటున్నారు. జన్యు పరిజ్ఞానంతో ఫ్యాక్టరీలో తయారుచేసిన ప్రోటీన్ అని మాత్రమే ఆ మాటకి అర్థం. మన హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ రీజెన్-డి పేరుతో అలాంటి ఈజీఎఫ్ జెల్ చేస్తోంది. డాక్టరు రాస్తే వాడుకోండి, అది మీ కణాల్లోకి ఏ జన్యువునూ పంపదు. ఎవరైనా జన్యు చికిత్స ట్రయల్ అని చెబితే సీటీఆర్ఐ (ట్రయల్స్ నమోదయ్యే ప్రభుత్వ పట్టిక) నంబరు అడగండి. మన దేశంలో ప్రతి క్లినికల్ ట్రయల్‌నూ ముందుగా అందులో నమోదు చేయాలి, ఆ నంబరుతో ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ప్రయోగంలో ఉన్న మందుకి డబ్బు అడిగారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

పరిశోధన ఆపమంటున్నానా అని మా డాక్టరుగారే ఒకసారి అడిగారు. అస్సలు కాదు. కలకత్తాలో చదువుకుని అమెరికాలో పనిచేస్తున్న చందన్ సేన్ బృందం 2017లో ఒక చిన్న చిప్పును ఎలుక కాలి చర్మానికి ఆనించి, సెకనులోపు విద్యుత్తు పంపి, చర్మ కణాలు రక్తనాళాలుగా మారేలా జన్యువులు ఎక్కించింది. రక్తం అందక చచ్చిపోవాల్సిన ఎలుక కాళ్ళు దక్కాయి. షుగరున్న మనుషుల చర్మంలోకి, రక్తనాళాలు పెంచే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ తయారీకి కణాలు చదివే సూచన లాంటి ఎంఆర్ఎన్ఏ ఎక్కించి, అక్కడ రక్తప్రసరణ కొంతకాలం పెరగడం 2019లో చూపించారు. రేపు రక్తనాళాల ఆపరేషన్‌కి వీలుకాని కాళ్ళకి ఇవి పనికొస్తే రావచ్చు. ట్రయల్స్ జరగాలి, చెన్నైలోనూ జరగాలి. పెరుగుదలను రెచ్చగొట్టే మందు కాబట్టి క్యాన్సర్ సంగతి, కంటి రెటీనా సంగతి ఓపిగ్గా, ఏళ్ళ తరబడి చూడాలి. షుగరున్నవాళ్ళ కళ్ళలో అక్కర్లేని రక్తనాళాలు ముందే మొలుస్తుంటాయి కదా. అంతదాకా పిండికట్టు, నాడి పరీక్ష, అవసరమైతే మూసుకుపోయిన రక్తనాళం తెరిచే యాంజియోప్లాస్టీ, సరైన చెప్పులు. ఇవన్నీ ఇవాళ ఉన్నాయి.

ఈబీ పాప విషయంలో నేను ఇలా అనలేను. ఆమెకి పిండికట్టు లేదు, ఆపరేషన్ లేదు, చెప్పులు మార్చితే పోయేది కాదు. సిలికాన్ షీట్లు పుండును కాపాడతాయే గాని కొల్లాజెన్-7ను తెచ్చి ఇవ్వవు. తేగలిగినది జన్యువే. మరి ధర? వైజువెక్ మార్కెట్లోకి వచ్చినప్పుడు సీసా ఒక్కటి 24,250 డాలర్లు. అప్పటి మారకంలో 20 లక్షల రూపాయలు. జెవాస్కిన్ ఒక్కసారి చికిత్సకి 31 లక్షల డాలర్లు, అంటే 26 కోట్ల రూపాయల పైన. అరుదైన జబ్బులకి కేంద్రం ఇచ్చే సాయం, జాబితాలో ఉన్న జబ్బులకు, ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో, మనిషికి గరిష్ఠంగా 50 లక్షలు. ఆ జెల్ మీద ఖర్చు పెడితే మూడో సీసా సగంలో అయిపోతాయి. మందు ప్రతి వారమూ కావాలి.

కొనడం గురించి మాట్లాడితే ఈ లెక్క ఎప్పటికీ తెగదు. తయారుచేయడం గురించి మాట్లాడాలి. అది గాల్లో మాట కాదనడానికి మళ్ళీ వెల్లూరే సాక్ష్యం. సీఎంసీలోని స్టెమ్ సెల్ పరిశోధనా కేంద్రం, అది బెంగళూరులోని పరిశోధనా సంస్థ ఇన్‌స్టెమ్‌కి అనుబంధం, అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీతో కలిసి తీవ్రమైన హీమోఫీలియా-ఎ (రక్తం గడ్డకట్టని పుట్టుక జబ్బు) ఉన్న ఐదుగురికి జన్యు చికిత్స చేసింది. వాళ్ళ సొంత రక్తపు మూలకణాలు తీసి, వాటిలోకి లెంటివైరస్‌తో జన్యువు ఎక్కించి, తిరిగి ఎక్కించారు. 2024 డిసెంబరులో ఫలితాలు వచ్చాయి. తర్వాత గమనించిన కాలమంతా ఐదుగురిలో ఎవరికీ రక్తస్రావం కాలేదు. క్యాన్సర్ వైపు చూసినా ఇదే ధైర్యం వస్తుంది. రోగి సొంత రక్త కణాల్లో జన్యువు ఎక్కించి రక్త క్యాన్సర్ మీదికి పంపే చికిత్స, ఐఐటీ బొంబాయిలో పుట్టిన నెక్స్‌కార్19 కి 2023లో అనుమతి వచ్చింది. అమెరికాలో అలాంటి చికిత్సకి మందు ఒక్కటే 3 కోట్ల పైమాట, ఇక్కడ 40 లక్షల పైచిలుకు. బెంగళూరు కంపెనీ ఇమ్యునీల్ 2025లో ఇంకొకటి తెచ్చింది.

రోగి కణాలు తీసుకోవడం, వైరస్‌తో జన్యువు ఎక్కించడం, శుభ్రమైన గదిలో పెంచడం, తిరిగి ఇవ్వడం. రక్త కణాలతో ఈ పని చేయగలిగిన దేశం చర్మ కణాలతో చేయలేదని నేను నమ్మను. చర్మం పెంచడం కొంత తేలిక కూడా, ఏదైనా తేడా వస్తే కంటికి కనబడుతుంది. అడగాల్సింది ఇదీ: బయోటెక్నాలజీ శాఖ హీమోఫీలియా మీద పెట్టినట్టే ఈబీ మీద డబ్బు పెట్టాలి; కణాల షీట్ల దారిలో ఒక ట్రయల్, జెల్ దారిలో ఒకటి. ముందు చెప్పిన మూడు రాష్ట్రాల్లో ఈ పిల్లలు ఎంతమంది ఉన్నారో ఒక రిజిస్టరు పెట్టాలి. అంతదాకా సిలికాన్ డ్రెస్సింగులు ఆరోగ్యశ్రీలోనూ, తమిళనాడు బీమా పథకంలోనూ ఇంటికి ఇవ్వాలి. ఆపరేషన్ చేస్తేనే డబ్బు వచ్చే పథకాల్లో, ఇంట్లో తల్లి కట్టే కట్టుకి పద్దు లేదు.

పది కోట్ల మంది షుగరు రోగులుండగా కొద్దిమంది పిల్లల మీద ఇంత ఖర్చా అనేవాళ్ళున్నారు. పది కోట్ల మందికి కావాల్సింది కట్టు వేయడం నేర్చిన మనుషులు. అది జిల్లా ఆసుపత్రుల్లో శిక్షణతో తీరుతుంది, దానికి జన్యు పరిశోధన డబ్బు అక్కర్లేదు. ఒకరి నోటి దగ్గరిది లాక్కుని ఇంకొకరికి పెట్టే పని ఇందులో ఎక్కడా లేదు.

ఈబీ పిల్లలున్న తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక పని ఇప్పుడే చేయండి. బిడ్డకు జన్యు పరీక్ష చేయించండి. చాలామంది ఇళ్ళలో "పుట్టుకతో బొబ్బల జబ్బు" అని రాసిన చీటీ తప్ప ఇంకేమీ లేదు. రేపు ఇక్కడ ఏ ట్రయల్ మొదలైనా, బయటి నుంచి మందు తెప్పించే వీలు దొరికినా, మొదట అడిగేది ఏ జన్యువులో ఏ మార్పు అన్నదే. సీఓఎల్7ఏ1 కాకుండా వేరే జన్యువైతే ఈ జెల్ పనికిరాదు. మీ రక్తం కూడా ఇవ్వండి, రెండో బిడ్డ గురించి ఆలోచిస్తుంటే గర్భంలోనే పరీక్ష చేయడానికి అది కావాలి. చెన్నైలో పిల్లల ఆసుపత్రి అంటే ఎగ్మోర్ ఐసీహెచ్, అరుదైన జబ్బులకు కేంద్రం గుర్తించిన ఆసుపత్రుల్లో అదీ ఒకటి, అక్కడ అడగండి. రిపోర్టు వచ్చాక ఫొటో తీసి ఫోనులో, నకలు ఒకటి ఇంట్లో పెట్టుకోండి. చిత్తూరు పాప తల్లి పోయిన నెల రక్తం ఇచ్చి వెళ్ళింది, అత్తగారిని కూడా వెంట తెచ్చింది.